ఎనిమిది కిలోల వేట

వంటింట్లో కాటా కనబడటం లేదని మా వంటాయన గోల పెట్టిన రోజే ఇదంతా మొదలైంది. ఆయనది కోనసీమ, నాది నిర్మల్ దగ్గర పల్లె. ఖతర్‌లో, ఉమ్ సలాల్ దగ్గర ఒక తోటలో, ఒకే అరబ్బు కుటుంబానికి ఆయన వంట చేసేవాడు, నేను కారు నడిపేవాణ్ణి. ఆయన మాట నాకు, నా మాట ఆయనకు పూర్తిగా అర్థం కావడానికి ఒక నెల పట్టింది. ఆ తర్వాత ఒకరి మాటను ఒకరం వెక్కిరించుకుంటూ హాయిగా బతికాం.

"నా కాటా ఎవడు పట్టుకెళ్ళాడయ్యా? కేకుకి పిండి తూచాలి, లోపల అమ్మగారు అడుగుతున్నారు" అన్నాడు ఆ పొద్దున.

"నాకేమెరుక అన్నా? నేను బండి కడుగుతున్న" అన్నాను.

వెతగ్గా వెతగ్గా అది మజ్లిస్‌లో దొరికింది. మజ్లిస్ అంటే ఇంటి మగవాళ్ళు అతిథులతో కూర్చుని కబుర్లు చెప్పుకునే పెద్ద గది. తివాచీ మీద కాటా, దాని ముందు బాసింపట్టు వేసుకుని మా అర్బాబ్. మేజోళ్ళు తూస్తున్నాడు. ఒక జత పెట్టి అంకె చూసి పెదవి విరిచాడు. ఇంకో జత పెట్టాడు. ఆ అంకె నచ్చినట్టుంది, చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. మా వంటాయన గుమ్మంలోనే ఆగి నా వైపు తిరిగి, "కేకు రేపు చేద్దాంలే" అన్నాడు.

అర్బాబ్ అంటే యజమాని. నిజానికి మాకు వీసా ఇచ్చిన యజమాని ఆయన తండ్రి. ఆ పెద్దాయనను అందరం బాబా అనేవాళ్ళం. కొడుక్కి నలభై దాటాయి. ఆఫీసులో పెద్ద అధికారి, ఇంట్లో మాత్రం తండ్రి గొంతు వినగానే ఫోను జేబులో పెట్టుకునే మనిషి. మంచివాడే. నన్ను ఎప్పుడూ తిట్టలేదు. అయితే ఏడాదికొక పిచ్చి పట్టేది ఆయనకు. ఆ ఏడు పట్టింది వేట.

వేట ఆ ఇంటికి కొత్త కాదు. బాబా డేగల్ని పెంచేవాడు. చలికాలం వస్తే నాలుగు పెద్ద బండ్లు, వంటవాళ్ళు, తివాచీలు, చేతి మీద కళ్ళకు గంతలు కట్టిన డేగ, ఇదీ వేటంటే ఆయనకు తెలిసింది. కొడుకు ఇంటర్నెట్‌లో వేరే వేట చూశాడు. ఎవరో తెల్లవాళ్ళు, గుర్రం లేకుండా, నౌకరు లేకుండా, పది రోజుల తిండీ, పడకా, గుడారమూ అన్నీ ఒకే ఒక్క సంచిలో వీపున వేసుకుని, మనిషి వాసన లేని కొండల్లోకి వెళ్ళి కొండమేకను కొట్టుకొస్తారట. ఎవడి సంచి ఎంత తేలికగా ఉంటే వాడు అంత మొనగాడట.

ఇక ఇంట్లో ప్రతి వస్తువూ కాటా ఎక్కింది. చొక్కాల లోపలి చీటీలు కత్తిరించాడు. చెంచాకు డ్రిల్లుతో బెజ్జాలు కొట్టించాడు, ఆ పని నాదే. చివరికి ఖర్జూరాల గింజలు కూడా బరువేనని కనిపెట్టాడు. రెండు కిలోల ఖర్జూరాలు ముందేసుకుని మా వంటాయన ఒక్కొక్కదాని పొట్ట చీల్చి గింజ తీస్తూ కూర్చున్నాడు.

"గింజలు తీయించాడు, బానే ఉంది. మరి తన పొట్టనేం చేస్తాడంట? ఇంట్లో పెట్టి వెళ్ళలేడు కదా" అన్నాడు నాతో, మెల్లగా.

"మెల్లగ మాట్లాడన్నా, ఇనబడుతది."

"ఇనబడితే ఏవిటయ్యా, తెలుగు రాదుగా."

నాకు ఈ లెక్కలు వింతగా తోచేవి. డ్రైవరుగా రాకముందు నాలుగేళ్ళు నేను ఒక కంపెనీ క్యాంపులో ఉండి కట్టడాల దగ్గర స్కాఫోల్డింగ్, అంటే పరంజా కట్టే పని చేశాను. ఇనప పైపులు భుజాన వేసుకుని అంతస్తులు ఎక్కేవాణ్ణి. ఆ పైపు ఎన్ని గ్రాములో నన్ను ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

ఒకరోజు కారులో అర్బాబ్ అడిగాడు, "మీ ఊళ్ళో కొండలున్నాయా?" ఆయన మాట్లాడేది అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలగలిసిన భాష. నేను జవాబిచ్చేదీ అదే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మస్తు ఉన్నయి" అన్నాను. అది అబద్ధం కాదు. మా వైపు నుంచి ఆదిలాబాద్ పోవాలంటే ఘాట్ రోడ్డు ఎక్కాలి. దాన్ని నేను చాలాసార్లు ఎక్కాను, ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని. ప్రతిసారీ మూడో మలుపులో వాంతయ్యేది. ఆ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆయన కళ్ళు మెరిశాయి. "నువ్వు కొండమనిషివన్నమాట! అయితే నాతో నువ్వే వస్తున్నావు."

నౌకరు లేని వేటకు నౌకరు అలా కుదిరాడు.

సాయంత్రం ఇంటికి ఫోను చేసి నా భార్యకు చెప్పాను.

"దుబాయ్‌ల గుట్టలున్నయా?" అంది.

"ఇది దుబాయ్ గాదే, ఖతర్. ఎన్నిసార్లు చెప్పాలె? గుట్టలు ఇంకో దేశంల ఉన్నయి, విమానమెక్కి పోవాలె."

"ఎందుకు?"

"మేకను కొట్టతందుకు."

"ఎందుకయ్యా, ఆడ మేకలు దొరుకుతలేవా? మొన్న పండుగకు బండ్ల కొద్ది వచ్చినయంటివి?"

"ఇవి వేరే మేకలు."

"ఏ మేకలైతేంది గని, మోసేదెవరు?" అంది. పది వీడియోలు చూసినా అర్బాబ్‌కు తట్టని ప్రశ్న ఆమెకు రెండు నిమిషాల్లో తట్టింది.

వేటకు ముందు శిక్షణ కావాలి. ఖతర్ దేశమంతా పళ్ళెంలా చదునుగా ఉంటుంది. ఎక్కడానికి కొండ కాదు కదా, కాస్త ఎత్తయిన దిబ్బ కావాలన్నా వెతుక్కోవాలి. అయితే అక్కడ జరగబోయే ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు ఇంకా మూడేళ్ళు ఉంది, ఊరంతా తవ్వి పోసి కడుతున్న కాలం అది. కొండలు లేవు గాని మెట్లకు కొదవ లేదు. నగరం మధ్య ముషైరిబ్‌లో ఒక పద్నాలుగు అంతస్తుల ఆఫీసు భవనం కట్టడం ఆయన బంధువు చేతిలో ఉంది. లిఫ్టులు ఇంకా పెట్టలేదు. రోజూ సాయంత్రం అసర్ నమాజు తర్వాత అక్కడికి వెళ్ళేవాళ్ళం. ఆయన సంచిలో నాలుగు నీళ్ళ సీసాలు, నా సంచిలో పన్నెండు. నేను కొండమనిషిని కదా.

గేటు దగ్గర కాపలా ఉండే నేపాలీ ఆయన మొదటి రోజు మమ్మల్ని చూసి, పని తనిఖీకి వచ్చామనుకుని సెల్యూట్ కొట్టాడు. నాలుగో రోజు నన్ను పక్కకు పిలిచి సంగతి అడిగాడు. కొండలెక్కడానికి అలవాటు చేసుకుంటున్నామన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. "మా ఇంటికి వెళ్ళాలంటే బస్సు దిగి ఆరు గంటలు ఎక్కాలి. ఆ ఎక్కుడు తప్పుతుందనే ఇక్కడికి వచ్చాను" అన్నాడు.

ఇంకో రోజు తొమ్మిదో అంతస్తులో, జిప్సం పలకలు మోస్తూ ఎదురైన మనిషి నన్ను చూసి ఆగిపోయాడు. జగిత్యాల వైపు వాడు, పాత క్యాంపులో నా పక్క మంచమే.

"ఏందన్నా, మళ్ళ సైటు పనిల చేరినవా? డ్రైవర్ డ్యూటీ అన్నరు?"

"లేదు తమ్మీ, ట్రైనింగు."

"దేని ట్రైనింగు?"

"మెట్లెక్కుడు. బరువుతోని."

వాడు తన భుజం మీది పలకల వైపు చూసుకున్నాడు. "మరి మేం చేసేదేంది?" అన్నాడు. పైనుంచి అర్బాబ్ "యల్లా, యల్లా" అని అరిచాడు. మేమిద్దరం ఒకేసారి కదిలాం, ఎవరిని పదమన్నాడో తెలియక.

ప్రయాణానికి ముందు రోజు సామాను సర్దుకున్నాం. అప్పుడు అసలు చిక్కు వచ్చింది. ఆయన సంచి ఎనిమిది కిలోలు దాటకూడదు. కాని అరబ్బీ కాఫీ లేకుండా ఆయనకు తెల్లారదు. కాఫీ కూజా, యాలకులు, చిన్న కప్పులు నా సంచిలోకి వచ్చాయి. ఆ తర్వాత ఒకటొకటిగా ఖర్జూరాలు, గ్యాసు పొయ్యి, శాటిలైట్ ఫోను, దాని బ్యాటరీలు, మడత కుర్చీ, ఆయన దిండు. "ఇవి వేట సామాను కాదు. ఇవి క్యాంపు సామాను. లెక్కలోకి రావు" అని వివరించాడు.

నా సొంత సామాను అని నేను పెట్టుకున్నది ఒకటే, పులి బొమ్మ ఉన్న నా పెద్ద రగ్గు. ఖతర్‌లో మావాళ్ళ ప్రతి మంచం మీదా ఉంటుంది అలాంటిది. దాన్ని చూసి ఆయన తల పట్టుకున్నాడు. తన స్లీపింగ్ బ్యాగు గుప్పెట్లో పట్టేలా నొక్కి చూపించాడు. "నీ బరువు నీ ఇష్టం" అన్నాడు. వంటాయన మాత్రం చిన్న బియ్యం మూట, మాగాయ సీసా ఆ రగ్గు మడతలో దోపి, "ఎవరికీ చెప్పకు" అన్నాడు.

విమానాశ్రయంలో సంచులు బెల్టు మీద పెట్టారు. తుపాకి వేరే పెట్టెలో ఉంది, దాని కాగితాలు వేరే ఫైల్లో. ఆయన సంచి ఎనిమిది చూపించింది. నాది ఇరవై ఆరు. అర్బాబ్ నా భుజం తట్టి ఆ రెండు అంకెలూ చూపించాడు. "చూశావా తేడా? దీన్నే తేలిక ప్రయాణం అంటారు."

చూశానన్నాను. అప్పుడే, ఇంటివాళ్ళ దగ్గరే ఉండే నా పాస్‌పోర్టు కూడా నా చేతికి వచ్చింది, రెండేళ్ళ తర్వాత. ఆ విమానాశ్రయం నుంచి మళ్ళీ ఆ విమానాశ్రయం దాకా నా జేబులోనే ఉంది.

మేం వెళ్ళింది కిర్గిజ్ దేశానికి. విమానం దిగాక ఒకటిన్నర రోజు జీపులో పోయి, రోడ్డు ఆగిపోయిన చోట దిగాం. అక్కడ మా దారి చూపే వేటగాడు రెండు గుర్రాలతో నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళు పైబడిన మనిషి. తెల్లటి ఉన్ని టోపీ, పాత కోటు, కాళ్ళకు రబ్బరు బూట్లు. ఆయన సామానంతా భుజాన వేలాడే ఒక గోనెసంచి. దానిలో రొట్టె, టీ ఆకు, ఎండబెట్టిన పెరుగు ఉండలు, ఒక టార్పాలిన్ ముక్క. మూడు కిలోలు కూడా ఉండదు. దాన్ని ఎవరూ తూచలేదు, ఆయనకూ ఆ ఆలోచన వచ్చినట్టు లేదు.

గుర్రాలు వద్దని అర్బాబ్ చెప్పేశాడు. గుర్రం ఎక్కితే అది ఈ రకం వేట కాదట. వేటగాడు నా సంచిని ఒక చేత్తో ఎత్తి చూసి, కింద పెట్టి, నా ముఖం వంక చూశాడు. తన భాషలో ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు, కాని జాలిలా వినిపించింది. గుర్రాల్ని జీపువాడికి అప్పగించి నడక మొదలుపెట్టాడు.

ఆ కొండల గురించి ఏం చెప్పను? నేను చూసిన ఘాట్ రోడ్డు వాటి ముందు ఇంటి అరుగు లాంటిది. చెట్టు లేదు. గడ్డి, రాయి, పైన మంచు. మొదటి రోజు నాకు ఊపిరి అందలేదు. బస్సులోలా వాంతి మాత్రం కాలేదు, అదే సంతోషం. ముషైరిబ్‌లో మెట్లెక్కినప్పుడు ప్రతి అంతస్తుకూ ఒక చదును వచ్చేది. ఇక్కడ ఆ చదును రాదు. అర్బాబ్ ముందు ఉత్సాహంగా నడిచి, మధ్యాహ్నానికి నా వెనకకు వచ్చాడు. రెండో రోజు ఆయన సంచి కూడా నా ఛాతీ మీదికి వచ్చింది. ఎనిమిది కిలోలే కదా, నిజంగానే తేలికగా ఉంది.

మూడో రోజు వడగళ్ళు పడ్డాయి. అర్బాబ్ గుడారం కాగితంలా పల్చనిది. గాలికి ఒక పక్క చిరిగి, జెండాలా కొట్టుకుంది. తెల్లారేసరికి ముగ్గురం వేటగాడి టార్పాలిన్ కింద, నా రగ్గు కింద ఉన్నాం. పులి తల అర్బాబ్ గడ్డం దగ్గర ఉంది. ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి. తలనొప్పి, వికారం. పొట్లాల్లో తెచ్చిన పొడి తిండి నోట పెట్టుకుంటే బయటికి వచ్చేస్తోంది.

నేను బియ్యం తీసి గంజి కాచాను. ఉప్పు వేసి, మాగాయ ముక్క ఒకటి పక్కన పెట్టి ఇచ్చాను. మొదటి గుక్కకు ముఖం చిట్లించాడు. తర్వాత గిన్నె రెండు చేతులతో పట్టుకుని ఆపకుండా తాగాడు. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, కారానికో మరి దేనికో. రెండు రోజులు ఆయన దాని మీదే ఉన్నాడు. ఆ రెండు రోజులూ మా మధ్య అర్బాబ్ లేడు, డ్రైవరు లేడు. ఒక జబ్బు మనిషి, ఒక గిన్నె పట్టుకున్న మనిషి ఉన్నారంతే. తన చిన్నప్పుడు బాబా తనను ఎడారి వేటకు తీసుకువెళ్తే, డేగ అరుపుకు జడిసి కారు కింద దాక్కున్నానని చెప్పాడు. బాబా అది ఇప్పటికీ అతిథులకు చెప్పి నవ్విస్తాడట. నేను గిన్నె కడిగాను.

ఆరో రోజు పొద్దున ఆయన లేచి నిలబడ్డాడు. వేటగాడు పైకి చూపించాడు. మూడు గంటలు ఎక్కి, చివర పొట్ట మీద పాకి, ఒక రాతి అంచు చేరాం. అవతలి వాలు మీద ఆరు కొండమేకలు. అన్నిటికన్నా పెద్దది ఒక బండ మీద నిలబడి ఉంది. కొమ్ములు వెనక్కి వంగి దాని వీపు దాకా వచ్చాయి. ఎండ వాటి కణుపుల మీద పడుతోంది. అంత బరువు తల మీద మోస్తూ అది అంచున అంత నిశ్చింతగా నిలబడటం చూసి నాకు ముచ్చటేసింది.

తుపాకి ఆనించడానికి అర్బాబ్ తన సంచి పెట్టుకున్నాడు. అది చదునుగా అణిగిపోయింది. నా సంచి తోశాను, దాని మీద తుపాకి కుదురుగా నిలిచింది. వేటగాడు ఆగమని చేత్తో సైగ చేశాడు. ఊపిరి సర్దుకోనీ అని. అర్బాబ్ ఆగలేదు. పేల్చాడు. మేకకు బాగా కింద రాళ్ళు చెదిరాయి. పెద్దది తల తిప్పి మా వైపు చూసింది. రెండో గుండు దాని పైనుంచి పోయింది. అప్పుడు ఆరూ, తొందరేమీ లేనట్టు, నిట్టనిలువు రాతి గోడ మీదుగా నడిచి అవతలికి దిగిపోయాయి.

వేటగాడు గోనెసంచి విప్పి పెరుగు ఉండ నోట్లో వేసుకున్నాడు. అర్బాబ్ వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ, "నాన్నకు ఏం చెప్పాలి?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. రెండేళ్ళకోసారి ఊరికి వెళ్ళే ప్రతి విమానంలో మావాళ్ళంతా మనసులో వేసుకునేది అదే. క్యాంపులో పన్నెండు మంది ఉండే గదిని ఇంట్లో ఏమని చెప్పాలి? నేను ఎప్పుడూ 'ఏసీ రూము' అని చెప్పేవాణ్ణి. ఏసీ ఉండేది, అబద్ధం కాదు.

ఇంటికి వచ్చిన వారానికి మజ్లిస్ నిండింది. కాఫీ పోసే మనిషి సెలవులో ఉండటంతో ఆ పని నాకు పడింది. అర్బాబ్ మధ్యలో కూర్చుని కథ చెప్పాడు. వడగళ్ళు బాగా చెప్పాడు. చిరిగిన గుడారం ఇంకా బాగా చెప్పాడు. "అన్నీ నా వీపునే" అన్నప్పుడు నేను కప్పుల వంక చూశాను. ఒక అతిథి అడిగాడు, "మరి కొమ్ములేవి?"

అర్బాబ్ తడబడలేదు. "కొమ్ములు పది కిలోలుంటాయి. ఈ వేటలో బరువు తెచ్చుకోరు. అక్కడే వదిలేస్తారు" అన్నాడు.

అతిథులు మెచ్చుకోలుగా తలలూపారు. బాబా ఊపలేదు. మెల్లగా నా వైపు తిరిగాడు. "నువ్వు చూశావా ఆ మేకను?"

గదంతా నా వైపు చూసింది. అర్బాబ్ ఒక్కడే చూడలేదు.

"చూసిన బాబా" అన్నాను. "కొమ్ములు మస్తు పెద్దయి." కూజా కింద పెట్టి రెండు చేతులూ చాపి చూపించాను. చాపినంత మేరా నిజమే.

ఎవరో "మాషా అల్లా" అన్నారు. కబుర్లు వేరే దారి పట్టాయి. అర్బాబ్ ఆ తర్వాత నన్ను అతిథులకు 'నా వేట స్నేహితుడు' అని చూపించాడు. స్నేహితుణ్ణి కనుక ఇంకో చుట్టు కాఫీ పోశాను. ఆ రాత్రే ఇంటికి ఫోను చేసినప్పుడు, నా భార్య "దొరికిందా మరి?" అంటే, "ఆఁ, నేనే చూపించిన, ఆయన కొట్టిండు" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

కొన్ని రోజుల తర్వాత బాబాను అల్ షహానియాకు తీసుకువెళ్తున్నాను. అక్కడ ఆయనకు ఒంటెలుండేవి. దారి పొడవునా కొత్త రోడ్ల పని, నారింజ రంగు డబ్బాలు, వారం వారం మారే మలుపులు. వెనక సీట్లోంచి అడిగాడు.

"ఎన్ని గుండ్లు పేల్చాడు?"

రోడ్డు మీదే చూపు ఉంచాను. "రెండు, బాబా."

"తగిలాయా?"

ముందు లారీ ఆగింది, నేనూ ఆగాను. అద్దంలో చూస్తే ఆయన ముఖంలో వెటకారం లేదు.

"లేదు, బాబా."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కొడుకును నవ్వులపాలు చేశానని నాకు గుబులు పట్టుకుంది. లారీ కదిలాక ఆయనే మాట్లాడాడు.

"నా మొదటి డేగ మా నాన్నది. పదిహేనేళ్ళప్పుడు నా చేతికిచ్చాడు. మొదటి రోజే ఎగిరిపోయింది, మళ్ళీ రాలేదు. తోడేలు తినేసిందని చెప్పాను. ఆయన పోయేదాకా అదే నమ్మాడు." కాస్త ఆగి, "నమ్మాడనే అనుకుంటున్నాను" అన్నాడు.

"అచ్ఛా" అన్నాను.

"వాడు జబ్బు పడ్డప్పుడు గంజి ఇచ్చావట. వాడే చెప్పాడు నాకు, మజ్లిస్‌లో కాదు, విడిగా."

ఒంటెల దగ్గరికి చేరాక తలుపు తీశాను. ఆయన నా మోచెయ్యి ఊతగా పట్టుకుని దిగాడు. షెడ్డు నీడలో చాయ్ కాస్తున్న మనిషిని పిలిచి రెండు చాయ్‌లు తెమ్మన్నాడు. ఒకటి నా చేతికిచ్చి, "ఇప్పుడు ఆ మేక ఎలా నిలబడిందో చెప్పు" అన్నాడు.